రైళ్ళు వదిలిన బాటలో: పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరంలో అలెఘనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట ఒక పార్కు ఉంది. అక్కడి నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ పట్టణం దాకా 150 మైళ్ళు, అంటే దాదాపు 240 కిలోమీటర్ల పొడవున, కార్లూ మోటారు సైకిళ్ళూ తిరగని ఒక బాట నదుల అంచునే సాగిపోతుంది. దాన్ని గ్రేట్ అలెఘనీ ప్యాసేజ్ అంటారు. ఒకప్పుడు బొగ్గు, బొగ్గును కాల్చి చేసే కోక్ అనే ఇంధనం, ఉక్కు మోసిన రైలు మార్గాలు మూతపడ్డాక పట్టాలు తీసేసి, ఆ కట్టల మీద సున్నపురాతి పొడి పరిచి, నడిచేవాళ్ళ కోసం, సైకిళ్ళ కోసం ఈ దారి వేశారు. 1986లో ఒహాయోపైల్ దగ్గర కొన్ని మైళ్ళ ముక్కగా మొదలైన పని 2013లో పిట్స్‌బర్గ్ చేరి పూర్తయింది. ప్రవేశ రుసుము లేదు. చాలా చోట్ల గడ్డి కోయడం నుంచి పడిన చెట్లు తొలగించడం దాకా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే స్వచ్ఛందంగా చూసుకుంటారు.

ఈ ప్రయాణానికి నాకు తోడు మా బావగారు. పిట్స్‌బర్గ్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్న ఆయన వయసు అరవై దాటింది, మోకాళ్ళ నొప్పి ఉంది, అయినా ఈ దారిని ముక్కలు ముక్కలుగా చాలాసార్లు తొక్కారు. బయలుదేరే ముందురోజు పెన్ హిల్స్ కొండ మీద ఉన్న వేంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళి దర్శనం చేసుకొని, అక్కడి పులిహోర రెండు డబ్బాలు కట్టించుకున్నాం. శాకాహారులకు ఈ లోయ ఊళ్ళలో దొరికేవి తక్కువ కాబట్టి, వెనక చక్రానికి ఇరువైపులా వేలాడే సంచుల్లో అక్కయ్య అటుకులు, వేయించిన పల్లీలు, నిమ్మకాయ ఊరగాయ కూడా సర్దింది. అక్టోబరు నెల మొదలైంది, మేపుల్ చెట్లు రంగు తిరుగుతున్నాయి.

పార్కు దాటిన కాసేపటికే హాట్ మెటల్ వంతెన ఎక్కుతాం. ఒకవైపు గట్టున కొలుముల్లో కరిగిన ఇనుమును కరిగినట్టే బండ్లలోకి పోసి, నది మీదుగా అవతలి ఉక్కు కర్మాగారానికి ఈ వంతెన మీదనే తరలించేవారు. ఇంకొంత ముందుకు వెళితే హోమ్‌స్టెడ్ వస్తుంది. 1892లో ఇక్కడి ఉక్కు కర్మాగారపు కార్మికులకూ యాజమాన్యం రప్పించిన పింకర్టన్ కాపలా దళానికీ మధ్య కాల్పులు జరిగిన చోట పాత పంపుహౌస్ ఇంకా నిలిచే ఉంది. పక్కనున్న అంగళ్ళ సముదాయం మధ్యలో కర్మాగారం తాలూకు ఇటుక పొగగొట్టాలు వరసగా, ఏ పనీ లేకుండా నిలబడి ఉన్నాయి. అమెరికా ఉక్కు చరిత్రను పుస్తకాల్లో చదివినవారికి కూడా సైకిలు వేగంతో ఆ చోట్లను దాటుతున్నప్పుడే వాటి పరిమాణం తెలిసివస్తుందని నా నమ్మకం.

మెకీస్‌పోర్ట్ దగ్గర మొనాంగహేలాను వదిలి, దానిలో కలిసే యాకగేనీ నదిని పట్టుకుంటాం. ఈ నది ఉత్తరానికి ప్రవహిస్తుంది, మనం దక్షిణంగా, ఏటికి ఎదురు వెళతాం. బోస్టన్ అనే చిన్న ఊరు దాటాక నగరం పూర్తిగా వెనకబడింది. ఒకవైపు నది, మరోవైపు చెట్లు నిండిన కొండ, మధ్యలో ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కగలిగేంత వెడల్పున్న తెల్లటి బాట. వాహనాలు లేని దారిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఈ పక్కపక్కన వెళ్ళగలగడమే. మామూలు రోడ్డు మీద సైకిలు తొక్కేవాడి చెవులు ఎప్పుడూ వెనక నుంచి వచ్చే బండి కోసం కాచుకొని ఉంటాయి, కళ్ళు రోడ్డు అంచునే అంటిపెట్టుకొని ఉంటాయి. ఇక్కడ ఆ కాపలా పని తీరిపోవడంతో, సున్నపురాతి పొడి మీద చక్రాలు చేసే సన్నని చప్పుడు, కొండ మీద నుంచి జారే నీళ్ళ శబ్దం, బావగారు ఇరవై ఏళ్ళ కిందటి సంగతి చెబుతూ మధ్యలో ఆగి తీసుకునే ఊపిరి, అన్నీ వేటికవి విడివిడిగా వినిపించాయి.

ఆ దారి పక్కన ఒకచోట కొండ మీద నుంచి జారే నీళ్ళు నారింజ రంగులో ఉన్నాయి. సైకిలు దిగి దగ్గరికి వెళ్ళి చూశాను. రాళ్ళ మీద తుప్పు రంగు పొర మందంగా పేరుకుపోయి, దాని మీదుగా నీరు పలచగా జారుతోంది. ఆ పొరను వేలితో తాకితే మెత్తగా, జారుడుగా ఉంది. మూతపడిన బొగ్గు గనుల్లో నీరు నిండి, అక్కడి గంధకం, ఇనుము ఉన్న రాతితో కలిసి ఆమ్లంగా మారి బయటికి వస్తుంది. గాలి తగలగానే అందులోని ఇనుము తుప్పుగా పేరుకుంటుంది. గని మూతపడినా కొండ లోపల ఆ పని ఆగదు. చూడముచ్చటైన ఈ లోయకు ఇదొక మాననిగాయమని, దాన్ని దాచకుండా దారి పక్కనే ఉండనివ్వడం మంచిదేనని నాకు అనిపించింది.

వెస్ట్ న్యూటన్ దాటి స్మిత్‌టన్, విట్‌సెట్ ఊళ్ళ మధ్య వాన్ మీటర్ అనే చోట డార్ గని ప్రమాదాన్ని తెలిపే ఫలకం ఉంది. 1907 డిసెంబరు 19న ఆ గనిలో పేలుడు జరిగి 239 మంది చనిపోయారు. వారిలో చాలామంది హంగరీ నుంచి, మధ్య యూరప్ నుంచి కూలికి వచ్చినవారు. ఆ రోజు తూర్పు చర్చి సంప్రదాయం ప్రకారం సెయింట్ నికొలస్ పండుగ కావడంతో, పని మానుకొని ప్రార్థనకు వెళ్ళిన కార్మికులెందరో బతికిపోయారని చెబుతారు. బావగారు ఆ ఫలకం ముందు హెల్మెట్ తీసి నిలబడ్డారు. "మనమూ పని కోసమే కదా ఈ దేశం వచ్చాం" అన్నారు. అక్కడి నుంచి విట్‌సెట్ దాకా ఇద్దరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ ఊళ్ళో బొగ్గు కంపెనీ తన కార్మికుల కోసం ఒకే నమూనాలో కట్టించిన ఇళ్ళ వరస ఇప్పటికీ ఉంది, వాటి ముంగిళ్ళలో గుమ్మడికాయలు పెట్టి ఉన్నాయి.

కొనెల్స్‌విల్ ఒకప్పుడు కోక్‌కు పెట్టింది పేరు. ఈ ప్రాంతపు బొగ్గును గుమ్మటం ఆకారపు ఇటుక బట్టీల్లో కాల్చి తయారుచేసిన కోకే పిట్స్‌బర్గ్ కొలుములను మండించింది. అక్కడి నుంచి ఒహాయోపైల్ దాకా 17 మైళ్ళ దూరం అడవిలోనే. మధ్యలో ఊరంటూ లేదు, కాబట్టి నీళ్ళూ తిండీ కొనెల్స్‌విల్‌లోనే చూసుకోవాలి. నది ఇక్కడ ఇరుకై, బండల మధ్య నురగలు కక్కుతుంది, తెప్పల మీద కేరింతలు కొడుతూ వెళ్ళేవారు కింద కనిపిస్తారు. అవతలి గట్టున మాత్రం రైలు మార్గం ఇంకా బతికే ఉంది. పొడవాటి గూడ్సు బండి కూత లోయంతా పాకుతుంది. ఒకే నదికి రెండు వైపులా పోటీగా పట్టాలు వేసుకున్న రెండు కంపెనీలు తర్వాత ఒకే గొడుగు కిందికి వచ్చి, ఒక మార్గం అనవసరమై మూతపడడం వల్లనే మన వైపు గట్టు సైకిళ్ళకు దక్కింది.

ఒహాయోపైల్‌లో నది ఒక ద్వీపకల్పాన్ని చుట్టివస్తుంది. వెనకటి రైలు చుట్టు తిరగకుండా రెండు వంతెనల మీదుగా నేరుగా దాటిపోయేది, ఇప్పుడు మనమూ అలాగే దాటుతాం. ఎత్తు వంతెన మీద నిలబడితే కింద నీటి లోతు ఆకుపచ్చగా, పైన కొండలు పసుపూ ఎరుపూ కలిసి కనిపిస్తాయి. ఊరి నడుమ ఉన్న జలపాతం ఆరు మీటర్ల ఎత్తే అయినా నది మొత్తం వెడల్పునా పడుతుంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు ఇక్కడికి కొన్ని మైళ్ళ దూరంలోనే ఉంది, కానీ ఆ కొండదారి కార్లది కావడంతో ఈసారికి వద్దనుకున్నాం.

కాన్‌ఫ్లుయెన్స్ దగ్గర మూడు ఏరులు కలుస్తాయి. అక్కడ యాకగేనీని విడిచి దాని ఉపనది కాసెల్మన్‌ను పట్టుకుంటాం. ఇక్కడి నుంచే అసలైన పల్లెసీమ మొదలవుతుంది. పచ్చిక మళ్ళు, ఎర్రటి పశువుల కొట్టాలు, కోసి చుట్టలు చుట్టిన గడ్డి, దూరంగా గాలిమరలు కనిపిస్తాయి. దారి పైకి ఎక్కుతున్నట్టు కంటికి తెలియదు, కాలికి మాత్రం సాయంత్రానికి తెలుస్తుంది. బొగ్గు బండిని లాగే ఇంజను నిట్టనిలువు ఎక్కలేదు కాబట్టి, కొండలను తొలిచి, లోయలకు వంతెనలు వేసి, ఆ కాలపు ఇంజనీర్లు వాలును అతి తక్కువగా ఉంచారు. ఆ జాగ్రత్తే ఈనాడు మా బావగారి మోకాళ్ళను కాపాడింది. "తొందరెందుకమ్మా, రైలు ఎక్కిన దారి ఇది, మనమూ ఎక్కుతాం" అని ఆయన ముందు సాగుతూనే ఉన్నారు.

మైయర్స్‌డేల్ ముందు వచ్చే సాల్స్‌బరీ వంతెన ఈ దారి మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు. 1,908 అడుగుల పొడవున, దాదాపు వంద అడుగుల ఎత్తున, కాసెల్మన్ నదినీ పొలాలనూ రైలు పట్టాలనూ ఒక హైవేనూ ఒకేసారి దాటుతుంది. కింద కార్లు బారులు తీరి పోతుంటే, పైన గాలి తప్ప మరేమీ లేదు. మైయర్స్‌డేల్ పాత స్టేషన్‌ను ఇప్పుడు చిన్న మ్యూజియంగా ఉంచారు. అక్కడ కూర్చున్న పెద్దావిడ వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే 1912లో ఈ మార్గం తెరిచిన సంగతి, 1975లో మూసేసిన సంగతి చెప్పి, రైలు ఆగిపోయినప్పుడు ఊరు చిన్నబోయిందనీ, ఇప్పుడు వేసవిలో సైకిళ్ళవాళ్ళ వల్ల మళ్ళీ గదులు అద్దెకు పోతున్నాయనీ అన్నారు. మా తాగునీటి సీసాలు ఆవిడే నింపి ఇచ్చారు.

ఆ తర్వాత, వాన నీళ్ళు రెండు సముద్రాల వైపు విడిపోయే తూర్పు ఖండ విభాజకం వస్తుంది, సముద్రమట్టానికి 2,392 అడుగుల ఎత్తు. దారి దాటే చిన్న సొరంగంలాంటి మార్గం గోడ మీద ఇంతదాకా ఎక్కిన ఎత్తునూ, ఇక దిగబోయే వాలునూ గీసి చూపించారు. ఇక్కడ పడమటి వైపు పడిన వాన చుక్క మనం వచ్చిన నదులన్నిటినీ దాటి మిసిసిపీ ద్వారా మెక్సికో సింధుశాఖకు చేరుతుంది, తూర్పున పడినది పోటోమాక్ మీదుగా అట్లాంటిక్‌కు పోతుంది. పిట్స్‌బర్గ్ నుంచి 126 మైళ్ళలో నింపాదిగా ఎక్కినదంతా ఇక 24 మైళ్ళలోనే దిగిపోతాం. ఈ బాటను రెండు వైపుల నుంచీ తొక్కవచ్చు గానీ, వయసు మీదపడినవారికి, కొత్తవారికి పిట్స్‌బర్గ్ నుంచి బయలుదేరడమే మేలని గట్టిగా చెబుతాను.

బిగ్ సావేజ్ సొరంగం దాదాపు కిలోమీటరు పొడవు. లోపల దీపాలున్నా మన లైటు కూడా వేసుకోవాలి. చలికాలంలో మంచు గడ్డకట్టి గోడలు దెబ్బతినకుండా తలుపులు మూసేస్తారు కాబట్టి, డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వరకు ఈ దారిన ప్రయాణం పెట్టుకోకూడదు. చల్లటి తడిగాలిలో నుంచి బయటపడగానే మేరీలాండ్ వైపు కొండలు వరస వెనక వరసగా తెరుచుకున్నాయి. అక్కడి బల్ల మీద కూర్చొని మిగిలిన అటుకులు తిన్నాం. పెన్సిల్వేనియాను మేరీలాండ్‌ను విడదీసే మేసన్-డిక్సన్ సరిహద్దు రేఖను దాటి, ఫ్రాస్ట్‌బర్గ్ పక్క నుంచి, పర్యాటకుల రైలు పట్టాల వెంబడి, పెడల్ తొక్కే పనే లేకుండా కంబర్లాండ్ దాకా దిగిపోయాం.

బాట ముగిసేది చెసపీక్-ఒహాయో కాలువ మొదలయ్యే చోట. 1850లో కంబర్లాండ్ చేరిన ఆ కాలువలో పడవలను కంచర గాడిదలు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవి. కాలువ 1924లో ఆగిపోయినా గట్టు మాత్రం 184.5 మైళ్ళ పొడవున వాషింగ్టన్ దాకా నడకదారిగా నిలిచింది. ధవళేశ్వరం కాలువల మీద పడవలను మనుషులే గట్టున నడుస్తూ లాగిన రోజులను మా తాతగారు చెప్పేవారు. గోదావరి డెల్టాలో ఆ గట్లు ఇంకా ఉన్నాయి, చెట్ల నీడ ఉంది, వాలు అసలే లేదు. వాటిలో కొన్ని మైళ్ళనైనా బళ్ళు రాకుండా సైకిళ్ళకు కేటాయిస్తే ఎంత బాగుంటుందో బావగారూ నేనూ ఆ కాలువ ఒడ్డున చాలాసేపు మాట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణానికి ఆమ్‌ట్రాక్ రైలులో సైకిళ్ళకు ముందే చోటు రిజర్వు చేసుకున్నాం. కాలువ గట్టు మట్టిది, వాన పడితే బురద అవుతుంది కాబట్టి, వచ్చే ఏడాది వానలు తగ్గాక, వెడల్పు టైర్లు వేయించుకొని, కంబర్లాండ్ నుంచే వాషింగ్టన్‌కు బయలుదేరాలని రైల్లోనే నిర్ణయించుకున్నాం.