గోల్కొండ చప్పట్లు, పాతబస్తీ సుత్తులు

గోదావరి ఎక్స్‌ప్రెస్ కాజీపేట దాటాక ఇక నిద్ర పట్టలేదు. పై బెర్తు దిగి, తలుపు దగ్గర గోడకు ఆనుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. నా చిన్నప్పుడు రైలంటే టకటక, టకటక అని ఆగకుండా సాగే దరువు. పట్టాలను పొడవుగా అతికించి వేయడం మొదలయ్యాక ఆ దరువు చాలావరకు పోయింది. ఇప్పుడు మిగిలింది తంబురాలా సాగే ఒకే హోరు. స్టేషన్ దగ్గరపడి పట్టాలు చీలే చోట మాత్రం ఆ పాత రైలు మళ్లీ వినిపిస్తుంది. సికింద్రాబాద్ వస్తోందనగా ఆ చీలికలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నా రికార్డర్‌లో పడిన మొదటి హైదరాబాద్ శబ్దం అదే.

నేను ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాను. వెనక కంపెనీ లేదు, మేనేజర్ లేడు. విశాఖలో నా గదిలోనే పాట కట్టి, నేనే మిక్స్ చేసి, నేనే విడుదల చేసుకుంటాను. బంజారాహిల్స్‌లో ఒక చిన్న హాలు వాళ్లు శనివారం సాయంత్రం వాయించమని పిలిచారు. టికెట్ల మీద వచ్చిన దానిలో సగం నాకు, సగం హాలుకు. ప్రయాణం ఖర్చు నాదే. ఒక్క గంట వాయించి వెనక్కి వెళ్లడం ఇష్టం లేక మంగళవారం రాత్రే బయలుదేరాను. మూడు రోజులు ఊరి శబ్దాలు పట్టుకుని, వాటిని ఆ సాయంత్రమే పాటలో కలిపి వాయించాలని నా ఆశ. సంచిలో ల్యాప్‌టాప్, కరెంటుతో స్వరాలు పుట్టించే, అరచేతిలో ఇమిడే సింథసైజర్, రెండు రికార్డర్లు, మైకులు, వాటికి గాలి తగలకుండా తొడిగే బొచ్చు తొడుగులు, చిక్కుపడ్డ వైర్లు. అన్నీ ఒక్క భుజం మీదే.

చిక్కడపల్లిలో పిన్ని ఇంట్లో దిగాను. ఉప్మా పెడుతూ, "ఊళ్లో రొద భరించలేక మేము కిటికీలు మూసుకుంటుంటే, నువ్వు దాన్ని పట్టుకోవడానికి అంత దూరం నుంచి వచ్చావా నాయనా?" అంది. అవునన్నాను. నిజంగా అందుకే వచ్చాను.

బుధవారం పొద్దున్నే మెట్రో ఎక్కి ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర దిగి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, పత్తర్‌గట్టీ రాతి కమానుల పక్కనుంచి చార్మినార్ వైపు నడిచాను. శబ్దాలు పట్టేవాడికి హైదరాబాద్‌లో అసలు కష్టం హారన్లు. ఎంత మంచి మైకు పట్టుకున్నా ముందు అవే దూకుతాయి. అందుకని పెద్ద రోడ్డు వదిలేసి సందుల్లోకి తిరిగాను. గాజుల దుకాణాలు ఇంకా తెరవలేదు. అలా తిరుగుతుండగా ఒక గోడ అవతల నుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి. ఒకటి కాదు, నాలుగు.

అది వెండి వరక్ కొట్టే గది. మిఠాయిల మీద, పాన్ మీద అంటించే పల్చటి వెండి రేకు అక్కడ తయారవుతుంది. నాలుగు రాతి దిమ్మెలు, వాటి ముందు నేల మీద కూర్చున్న నలుగురు మనుషులు. చిన్న చిన్న వెండి ముక్కలను పుస్తకంలా కుట్టిన కాగితాల మధ్య ఒక్కొక్కటిగా పేర్చి, ఆ పుస్తకాన్ని తోలు సంచిలో పెట్టి, గంటల తరబడి కొడతారు. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చబడేవరకు కొడుతూనే ఉంటారు. సుత్తి బరువైనది. దాన్ని పైకెత్తడానికి వాళ్లు పెద్దగా శ్రమపడటం నాకు కనిపించలేదు. తోలు మీద పడిన సుత్తి తనంతట తానే కాస్త పైకి లేస్తుంది. ఆ ఎగురును చేతితో అందుకుని మళ్లీ వదులుతారు.

నన్ను అక్కడే నిలబెట్టేసింది ఆ నాలుగు దెబ్బల నడక. ఎవరి వేగం వారిదే. కాసేపు నాలుగూ విడివిడిగా వర్షంలా రాలతాయి. తర్వాత రెండు దగ్గరికి జరుగుతాయి, ఒక్కటైపోయాయా అనిపిస్తాయి, మళ్లీ మెల్లగా విడిపోతాయి. ఇలాంటి దాన్ని కంప్యూటర్‌లో తెప్పించడానికి నేను ఏళ్లుగా తంటాలు పడుతున్నాను. వీళ్లు దాన్ని తాతల నాటి నుంచి చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు.

గుమ్మం పక్కన కూర్చున్న పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ఏం కావాలని అడిగారు. మీ సుత్తుల చప్పుడు రికార్డు చేసుకుంటాను, పాటలో వాడుకుంటాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను ఎక్కడికి వెళ్లినా అడగకుండా మైకు తీయను. అడిగితే కాదనేవాళ్లు చాలా తక్కువ, అడగడానికి పట్టేది అర నిమిషం. ఆయన పక్కవాళ్లతో ఉర్దూలో ఏదో మాట్లాడి, "రాసుకో బేటా" అన్నారు. రికార్డు చేసుకోమనడానికి ఆయన వాడిన మాట అది. నాకు చాలా నచ్చింది.

నలభై నిమిషాలు రాసుకున్నాను. ఒక మైకు గది మధ్యలో, మరొకటి రాతి దిమ్మెకు ఆనించి పెట్టాను. సెకనుకు 96 వేల నమూనాలు తీసేలా రికార్డర్ సర్దుకున్నాను. అలా తీస్తే తర్వాత సగం వేగానికి దించినా శబ్దంలో పదును మిగిలి ఉంటుంది. అయిపోయాక హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నారు. కాసేపటికి వేలెత్తి గాలిలో చూపించడం మొదలుపెట్టారు. ఇది నేను. ఇది మా తమ్ముడు. ఇది మూలన ఉన్న కుర్రాడు, చేయి ఇంకా కుదరలేదు. నాలుగు దెబ్బల్లో ఒక్కొక్కటి ఎవరిదో తడుముకోకుండా చెప్పారు. నాకు ఆ నాలుగూ ఒకే సుత్తిలా వినిపించాయి. ఆ రాత్రి మరో పదిసార్లు విన్నాక గానీ తమ్ముడి దెబ్బ కింద సన్నటి గరగర ఉందని నాకు తెలియలేదు.

బయటికి వచ్చేసరికి మక్కా మసీదు నుంచి మధ్యాహ్నపు అజాన్ మొదలైంది. రికార్డర్ ఆపేశాను. ప్రార్థనను కోసి దరువు మీద అంటించడం నాకు సమ్మతం కాదు. గుడి మంత్రమైనా అంతే. దాన్ని చెవులతో విని, అక్కడే వదిలి రావాలి.

గురువారం గోల్కొండ. పిన్ని కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, ఉత్సాహంగా వెంట వచ్చాడు. ప్రవేశ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్ భవనం దగ్గర వినబడుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. కింద ఎవరైనా వస్తే పైనున్న కావలివాళ్లకు కబురు అందడానికి అలా కట్టారని చెబుతారు. నాకు కావలసింది వినబడటం ఒక్కటే కాదు, ఎంతసేపటికి వినబడుతుందన్నది. రెండు రికార్డర్లనూ పక్కపక్కన పెట్టి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాం. తర్వాత కంప్యూటర్‌లో రెండింటినీ కలపడానికి అది గుర్తు. ఒకటి తమ్ముడి చేతికిచ్చి కింద ఉంచి, రెండోది పట్టుకుని నేను మెట్లెక్కాను. మూడు వందలకు పైగా మెట్లు, పది దాటని పొద్దులోనే వీపు కాలుతోంది.

పైకి వెళ్లి మైకు పెడితే కింద నుంచి చప్పట్లే చప్పట్లు. వచ్చిన ప్రతి కుటుంబమూ, ప్రతి బడి పిల్లల గుంపూ ఆ గుమ్మటం కింద కొడుతూనే ఉంది. మావాడి చప్పట్లు ఏవో తెలియవు. ఫోను చేసి, మూడు కొట్టి, ఆగి, ఒకటి కొట్టమన్నాను. రెండోసారికి దొరికింది. గాలిలో తడిసినట్టు మెత్తబడి, అంచులు అరిగిపోయి వచ్చింది ఆ శబ్దం. కొట్టిన చప్పట్లకూ విన్న చప్పట్లకూ ఒకే ముఖం లేదు.

ఇంటికొచ్చి రెండు రికార్డింగులనూ గుర్తు దగ్గర కలిపి చూస్తే మధ్య దూరం 1.2 సెకన్లు తేలింది. ఎండలో వేడెక్కిన గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది కాబట్టి లెక్క సబబుగానే ఉంది. నా పాటేమో నిమిషానికి 120 దరువులు. దానిలో 1.2 సెకన్లు ఎక్కడా ఇమడదు. ప్రతిధ్వని ఒక దరువుకు ముందో వెనకో తడబడుతూ పడుతోంది. వేగాన్ని 100కు దించాను. అప్పుడు ఒక్కో దరువు 0.6 సెకను, గోల్కొండ దూరం సరిగ్గా రెండు దరువులు. అంతవరకు ఊపిరాడనట్టున్న పాట ఒక్కసారిగా వెనక్కి వాలి కూర్చుంది. నేను రెండు నెలలు మోసిన వేగాన్ని కోట ఒక్క పూటలో మార్చేసింది. ఆ రాత్రి పిన్ని ఇంటి డాబా మీద దాన్నే వింటూ ఎంతసేపు ఉండిపోయానో గుర్తు లేదు.

ఇది మన సంగీతమేనా అని చాలామంది అడుగుతారు. శుక్రవారం భోజనాల దగ్గర బాబాయి కూడా అడిగారు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు 1969లోనే అమెరికాలో తయారైన మూగ్ సింథసైజర్ వచ్చిందని, 1982లో బొంబాయిలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ జపాను సంగీత యంత్రాలు మూడు పెట్టుకుని పది రాగాలను రికార్డుగా తెచ్చారని చెప్పాను. ప్రపంచం ఆ రికార్డును చాలా ఏళ్లకు గానీ పట్టించుకోలేదు. వయొలిన్ మన దగ్గరికి వచ్చి మనదైపోయింది, హార్మోనియం మనదైపోయింది. ఈ పెట్టె మనది కావడానికి అడ్డేమిటని నా ప్రశ్న. బాబాయి కాసేపు ఆలోచించి, అయితే శనివారం నేనూ వస్తాను అన్నారు.

శనివారం మధ్యాహ్నం హాల్లో వైర్లు కలిపి స్పీకర్లు పెట్టగానే బూమ్... అని అడుగునుంచి ఒక హోరు. ఎర్తింగ్ ఎక్కడో సరిగా లేదు. ల్యాప్‌టాప్ చార్జరు తీసేస్తే సగం తగ్గింది, మిగతా సగం పోలేదు. వైర్లు మార్చాం, ప్లగ్గులు మార్చాం. హాలు కుర్రాడు పాపం నిచ్చెనెక్కి దీపాలు ఒక్కొక్కటీ ఆర్పి చూశాడు. ఇంకో గంటన్నరలో జనం వస్తారు. చెమటతో చేతులు జారుతున్నాయి.

అప్పుడు ఆగి ఆ హోరును విన్నాను, ఒక స్వరాన్ని విన్నట్టు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100, అవే స్పీకర్లలోంచి వస్తున్నాయి. కచేరీ భాషలో చెప్పాలంటే, హార్మోనియం మెట్లతో లెక్కపెట్టే ఐదు శ్రుతికి పైన, ఐదున్నరకు కింద. అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఐదుకు 35 భాగాలు పైన. నా పాట రెండు శ్రుతిలో ఉంది. ఆ హోరుకు అది ఎప్పటికీ పగే. సింథసైజర్ శ్రుతి తిప్పి, ఐదుకు తెచ్చి, ఇంకో 35 భాగాలు పెంచాను. హోరు మాయమైంది. నిజానికి అది ఎక్కడికీ పోలేదు, తంబురా అయింది. కుర్రాడు నిచ్చెన మీదినుంచి తల తిప్పి, "పోయింది సార్!" అని అరిచాడు.

నలభై ఆరు టికెట్లు తెగాయి. పిన్ని, బాబాయి, తమ్ముడు రెండో వరుసలో కూర్చున్నారు. మొదట రైలు హోరు, దాని మీద కరెంటు శ్రుతి. ఆరో నిమిషంలో గోల్కొండ చప్పట్లు వేశాను, మూడు, ఆగి, ఒకటి. రెండు దరువుల తర్వాత కొండ మీది చప్పట్లు వెనక స్పీకర్లలోంచి వచ్చాయి. జనంలో ఎవరో గుర్తుపట్టి తిరిగి చప్పట్లు కొట్టారు. తర్వాత హాలంతా అందుకుంది. అది నేను అనుకున్నది కాదు, ఎవరికీ సైగ కూడా చేయలేదు. పాటను అక్కడే నాలుగు నిమిషాలు నిలబెట్టేశాను. చివర్లో వరక్ సుత్తులు. నాలుగింటినీ కంప్యూటర్ తెర మీది దరువు గీతలకు ఖచ్చితంగా అతికించి పెట్టుకున్నాను కాబట్టి పిడుగుల్లా పడ్డాయి. కుర్చీలు వదిలి లేచారు. బయటికొచ్చాక లెక్క చూస్తే నా వాటా రానుపోను రైలు చార్జీలకు, ఒక కొత్త మైకు వైరుకు సరిపోయింది.

ఆదివారం పొద్దున మళ్లీ చార్మినార్ వెళ్లాను. పని జరుగుతోంది. పెద్దాయన నన్ను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చారు. ముందు రోజు హాల్లో వాయించినది ఆయనకు వినిపించాను. వేళ్లు మళ్లీ గాలిలోకి లేచాయి, కానీ ఈసారి తడబడ్డాయి. హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పెట్టుకున్నారు.

"ఇందులో మా తమ్ముడు లేడు బేటా."

ఉన్నాడన్నాను. తెర మీద ఆయన తమ్ముడి దెబ్బలు గీతలుగా చూపించాను. ఆయన వాటిని చూడలేదు. సుత్తి తీసుకుని ఒక దెబ్బ వేసి, ఎత్తుతూ తమ్ముడి వైపు తల ఊపారు. ఈయన సుత్తి పైకి లేచే ఆ కాస్త సందులో తమ్ముడి దెబ్బ పడింది. మళ్లీ వేశారు, మళ్లీ అక్కడే పడింది.

"నా చేయి లేచేటప్పుడు వాడి చేయి దిగుతుంది. ముప్పై ఏళ్లుగా అంతే. మీ పెట్టె ఇద్దరినీ ఒక్కసారే కొట్టిస్తోంది. అలా కొడితే వాడు నాకు వినపడడు."

చాయ్ తెప్పించారు. తాగి, సెలవు తీసుకుని, సాయంత్రం నాంపల్లిలో రైలెక్కాను. కిటికీ పక్క సీటు. ల్యాప్‌టాప్ తెరిచి, గీతలకు అతికించిన నాలుగు సుత్తులనూ తీసేసి, బుధవారం నాటి అసలు రికార్డింగును తెచ్చి పెట్టాను. వేగం మాత్రమే 100కు దగ్గరగా సర్ది, ఇక దేన్నీ కదపలేదు. తమ్ముడి దెబ్బ అన్న దెబ్బకు సెకనులో మూడో వంతు వెనక పడుతోంది, ఒక్కోసారి ఇంకాస్త వెనక. కాజీపేటలో రైలు ఆగేసరికి వరసగా మూడుసార్లు విన్నాను. నాలుగోసారి కళ్లు మూసుకుని, ఏది ఎవరిదో వేలితో చూపిస్తూ విన్నాను. మూలన ఉన్న కుర్రాడు ఇంకా అందడం లేదు.