మీటర్లో ముల్లు, పక్క సీట్లో చిన్నాయన

కారు అప్పగించిన రోజు షోరూమ్ అబ్బాయి టచ్‌స్క్రీన్ గురించి అరగంట చెప్పాడు. ఫోన్ ఎలా కలపాలి, పాటలు ఎలా పెట్టాలి, అన్నీ. స్టీరింగ్ వెనక తిరిగే ముళ్ల గురించి ఒక్క ముక్క లేదు. దేవుని కడపలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. అసలు పాఠం చెప్పింది మా చిన్నాయన. చాలా ఏళ్లు లారీ తోలిన మనిషి.

ఆయన మొదటి మాటే, "మీటర్ చెప్పేదంతా నిజం కాదు పాపా" అని. స్పీడ్ ముల్లు 80 మీద ఉన్నప్పుడు నా ఫోన్‌లో జీపీఎస్ 76 చూపించింది. మీటర్ పాడేమో అనుకుంటాం కదా, కాదు. ఉన్న వేగం కన్నా తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపినా ఫర్వాలేదు అన్నది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లోనే ఉంది. పది శాతం, దానిపైన ఇంకో 4 కిలోమీటర్ల దాకా ఎక్కువ చూపొచ్చు. అందుకే కంపెనీలు ముల్లును కాస్త ముందుకే పెడతాయి. 80 దాటితే వచ్చే బీప్ మాత్రం మన దేశపు నియమం. 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. 120 దాటితే ఆపకుండా మోగుతుంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఇష్టపడరు, నాకు తప్ప.

మిగతా ముళ్లు అర్థమైంది గువ్వలచెరువు ఘాట్‌లో. రాయచోటి రోడ్డు ఎక్కుతుంటే మూడో గేర్లో ఆర్పీఎం ముల్లు, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది, 1500 దగ్గరికి పడిపోయింది. ఇంజన్ మూలగడం మొదలుపెట్టింది. రెండో గేర్‌కి మారిస్తే ముల్లు 2,500 దాటింది, బండి తేలికైంది. "అరుస్తోందని భయపడొద్దు, మూలిగితే భయపడు" అన్నాడు చిన్నాయన. దిగేటప్పుడూ అదే లెక్క. ఏ గేర్లో ఎక్కినామో ఆ గేర్లోనే దిగాలంట. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకులు కాగిపోవు. లారీ వాళ్లకు ఈ ఘాట్‌లో అది ప్రాణం మీది సంగతి.

ఎక్కుతున్నంతసేపూ నా కళ్లు టెంపరేచర్ ముల్లు మీదే. అంత ఎండలో, ఏసీ వేసుకుని, అంత ఎత్తు ఎక్కుతున్నా సరిగ్గా మధ్యలోంచి కదల్లేదు. తర్వాత చదివితే తెలిసింది. ఇప్పటి కార్లు చాలావాటిలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి 90 డిగ్రీల చుట్టూ కొంచెం అటూ ఇటూ అయినా కంప్యూటర్ ముల్లును మధ్యలోనే నిలబెడుతుంది. లేకపోతే మనం ఊరికే టెన్షన్ పడతామని. అంటే అది మధ్య దాటి పైకి లేచిందంటే వ్యవహారం ముదిరినట్టే. ఏసీ ఆపి, పక్కన నిలిపి, ఇంజన్ ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకూడదు, లోపల ప్రెషర్‌తో ఉన్న కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది.

పెట్రోలుది ఇంకో కథ. "ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుంది" అని చూపే అంకె ఘాట్ ఎక్కేసరికి బాగా తగ్గిపోయింది, కోవా కొనుక్కుని కిందికి దిగేసరికి మళ్లీ పెరిగింది. ట్యాంకులో పెట్రోలు పెరగలేదు. ఇప్పటిదాకా ఇచ్చిన మైలేజీని బట్టి కారు వేసే అంచనా అది, అంతే. ముల్లు కూడా ట్యాంకులో తేలే బెండును బట్టే కదులుతుంది కాబట్టి ఏటవాలులో దాన్ని నమ్మకూడదు, చదును రోడ్డు మీద చూడాలి. పెట్రోలు బొమ్మ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటే, ట్యాంక్ మూత అటువైపు ఉన్నట్టు.

ఇక దీపాలు. తాళం తిప్పగానే అన్నీ ఒకసారి వెలుగుతాయి, అది పరీక్ష. ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఎర్రవి ఆరిపోవాలి. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే మెకానిక్ దాకా నెమ్మదిగా పోదాం అనుకోవద్దు, అక్కడే ఆపేయండి. అది ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. బ్రేక్ గుర్తు ఎర్రగా ఉంటే ముందు హ్యాండ్‌బ్రేక్ చూడండి, అది దించినా ఆరకపోతే బండి తీయొద్దు. పసుపు రంగు ఇంజన్ బొమ్మ నిలకడగా వెలిగితే రెండు మూడు రోజుల్లో చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం ఆ రోజు ప్రయాణం మానుకోండి.