బోర్లా పడిన నాన్

హైదరాబాద్ పురానీ హవేలీ దగ్గర, భట్టీలోంచి తీసిన నాన్ చెయ్యి కాలుతుంటే కాగితం మీద బోర్లా పడేశాను. నేను ఊరు చూపిస్తున్న ఇద్దరు ఉజ్బెక్ అమ్మాయిల్లో పక్కనున్న అమ్మాయి ఏమీ అనకుండా దాన్ని తిప్పి వెల్లకిలా పెట్టింది. తర్వాత నా వైపు చూసి, తప్పు చేసినదానిలా నవ్వింది.

వాళ్ళ దేశంలో రొట్టెను బోర్లా పెట్టరట. పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్ళకు అద్దుకోమూ, అలాంటిదే.

వాళ్ళ రొట్టె గుండ్రం, నడుమ అచ్చు గుద్దిన పువ్వు. మన చార్‌కోని నాన్ నలుచదరం. “మూలలెందుకు?” అని అడిగింది. నాకేం తెలుసు! చిన్నప్పటి నుంచి తింటున్నాను గానీ, ఒక్కసారీ అనుమానం రాలేదు.

అసలు పొద్దుటి నుంచీ ఇదే వరస. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టించి, కొండ మీది బాలా హిసార్ దాకా వినిపిస్తుందని గొప్పగా చెప్పబోతే, ఇద్దరమ్మాయిలూ ‘దర్వాజా’ దగ్గరే ఆగిపోయారు. వాళ్ళకూ పెద్ద గేటంటే దర్వొజానే. బజారు బొజోర్, చాయ్ చొయ్, మైదానం మయ్‌దొన్. ఇక చార్మినార్ చేరేదాకా మాటల వేటే. 1591 నాటి కట్టడమని నేను చెప్పింది విన్నారో లేదో!

రేపు సాయంత్రం వాళ్ళ ప్రయాణం. బిర్యానీలో క్యారెట్ ఎందుకు వేయరన్న తగాదా మాత్రం ఇంకా తెగలేదు.