పీఎస్ఐఆర్ ప్రిపరేషన్: హాబ్స్, లాక్ జవాబుల్లో పోప్ సంగతి

సివిల్స్ ఫలితాలొచ్చేశాయి, గుండెల మీద బరువు దిగింది. నా ఆప్షనల్ పీఎస్ఐఆర్, అంటే రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు. అందులో వెస్టర్న్ థాట్ (పాశ్చాత్య రాజకీయ చింతన) భాగంలో, 17వ శతాబ్దపు ఇంగ్లిష్ చింతకులు హాబ్స్, లాక్ దగ్గర అందరం దాటేసే ఒక్క ముక్క గురించే ఇక్కడ రాస్తున్నాను: ప్రొటెస్టెంట్ (పోప్ అధికారాన్ని కాదన్న క్రైస్తవుల) రాజకీయ రచనల్లో పోప్.

చాలా జవాబులు ‘పోప్‌ను క్రీస్తువిరోధి అన్నారు’ దగ్గరే ఆగిపోతాయి. అది మతవాదం. మన పేపర్‌కి కావాల్సింది అధికార పరిధి: రాజు పైన ఇంకో కోర్టు ఉందా, లేదా? 1533 అప్పీళ్ల చట్టం ఇంగ్లండ్‌ను ‘సామ్రాజ్యం’, అంటే రాజు పైన ఇంకెవరూ లేని రాజ్యం, అన్నది కేసులు రోమ్‌లోని పోప్ దగ్గరికి పోకుండా ఆపడానికే. ఇంగ్లండ్ చర్చికి 1534లో రాజు ఎనిమిదో హెన్రీ ‘సుప్రీం హెడ్’, 1559లో రాణి ఎలిజబెత్ ‘సుప్రీం గవర్నర్’. తారుమారు చేయకండి.

అసలు మలుపు 1570. పోప్ ఐదో పయస్ ఎలిజబెత్‌ను వెలివేసి, ప్రజలు ఆమెకు విధేయులుగా ఉండనక్కర్లేదని ప్రకటించాడు. కాథలిక్ (పోప్‌ను మతాధిపతిగా ఒప్పుకునేవాడు) అంటే రాజద్రోహి అనేవాళ్ల చేతికి పత్రమే దొరికింది. 1605లో గన్‌పౌడర్ కుట్ర (రాజుతో సహా పార్లమెంటును పేల్చేయాలని కొందరు కాథలిక్కులు పన్నింది), మరుసటి ఏడాదే కాథలిక్కులు చేయాల్సిన ప్రమాణం: రాజును దించే హక్కు పోప్‌కు లేదని ఒప్పుకోవాలి. రాజు మొదటి జేమ్స్ స్వయంగా కలం పట్టి దాన్ని సమర్థించాడు, కార్డినల్ బెల్లార్మిన్ ఖండించాడు. ఆత్మల మేలు కోసం లౌకిక విషయాల్లోనూ పోప్‌కు పరోక్షాధికారం ఉందన్నది బెల్లార్మిన్ సిద్ధాంతం. ఇది పట్టుకోకుండా హాబ్స్ పుస్తకం ‘లెవయథాన్’ 42వ అధ్యాయం తెరిస్తే ఒక్క ముక్క ఎక్కదు. హాబ్స్ అక్కడ తగవు పడేది బెల్లార్మిన్‌తోనే. 47లో పోప్ పీఠాన్ని, చచ్చిన రోమన్ సామ్రాజ్యపు సమాధి మీద కిరీటంతో కూర్చున్న దయ్యం అంటాడు. ఆ మాట ఒక్కటే కోట్ చేస్తే జవాబుకి నగ పెట్టినట్టు ఉంటుందంతే. ఇద్దరు యజమానులున్న చోట సార్వభౌముడు లేనట్టే అన్న కారణం వెంటనే రావాలి.

లాక్ దగ్గర ఇంకో పొరపాటు: ‘కాథలిక్కులకు మత సహనం నిరాకరించాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చేయడం. మత సహనం మీద రాసిన 1689 లేఖలో, రొట్టెను క్రీస్తు శరీరమని కాథలిక్ నమ్మితే పొరుగువాడికి నష్టం లేదంటాడు. ఆయన అభ్యంతరం పరాయి ప్రభువుకు విధేయత మీద. దానికిచ్చిన ఉదాహరణ కూడా పోప్ కాదు, కాన్‌స్టాంటినోపుల్ ముఫ్తీ (ముస్లిం మతాధికారి).

ఇన్ని తేదీలు బట్టీ పట్టడం దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1570 తెలియనివాళ్లకి లాక్ ఉత్త మతద్వేషిలా కనిపిస్తాడు. క్రమం తెలిస్తేనే వాదన తెలుస్తుంది, దానికి రోజూ కూర్చోవాల్సిందే.

150 పదాల్లో 1570కి రెండు వాక్యాలు, హాబ్స్‌కి ఐదు, లాక్‌కి నాలుగు. చివర్లో ఒక్కటి: కాథలిక్‌ను పెళ్లాడితే ఇంగ్లండ్ సింహాసనం పోతుందన్న 1689, 1701 చట్టాల నిబంధనను 2013 చట్టం ఎత్తేసింది, కాథలిక్ మాత్రం ఇప్పటికీ ఆ సింహాసనం ఎక్కలేరు.