నక్షత్రాలు ఎక్కడివని అడిగినందుకు

బైబిలు చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం, చదవడం మొన్న రాత్రితో పూర్తయింది. ఒక్క అధ్యాయం తప్ప మిగతాదంతా ఎంతో కొంత అర్థమైందనే అంటాను. దాని గురించి ఒక ప్రశ్న అడిగితే సభలో నన్ను నవ్వులపాలు చేశారు, ఆ కోపం చల్లారకముందే రాసేస్తే ఒక పనైపోతుంది.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టు గుమస్తాని. లూథరన్ క్రైస్తవుల ఇంట్లో పుట్టాను. కీర్తనలు, సువార్తలు చిన్నప్పుడే నోటికొచ్చేశాయి గానీ ప్రకటన జోలికి ఇంట్లో ఎవరూ పోయేవాళ్ళు కాదు. "అది అయ్యగార్లు చదివేదిరా, మనకెందుకు" అనేది అమ్మ. పాస్టర్లని మేం అలాగే పిలుస్తాం. తీరా తెరిస్తే మొదటి అధ్యాయం మూడో వచనమే చదివేవాడూ వినేవాళ్ళూ ధన్యులంటోంది. అయ్యగార్లు మాత్రమే అని ఎక్కడా లేదు.

మొదటి మూడు అధ్యాయాలు సాఫీగా సాగాయి. పత్మాసు ద్వీపంలో యోహాను, ఎఫెసు నుంచి లవొదికయ దాకా ఏడు సంఘాలకు ఉత్తరాలు. అవన్నీ ఇప్పటి టర్కీలోని ఊళ్ళు. నాలుగు, ఐదు అధ్యాయాల్లో సింహాసనం, గొర్రెపిల్ల. పాటల్లో పాడుకునేవే.

ఆరో అధ్యాయం నుంచి మొదలైంది తంటా. ఒక గ్రంథానికి విప్పే ముద్రలు ఏడు, ఊదే బూరలు ఏడు, కుమ్మరించే పాత్రలు ఏడు, వాటితోపాటు వరసగా విపత్తులు. పక్కన కాగితం పెట్టుకుని వరసగా రాసుకుంటూ పోయాను. ఆరో ముద్ర విప్పగానే ఆకాశ నక్షత్రాలు భూమ్మీద రాలాయి. సరే. ఎనిమిదో అధ్యాయంలో నాలుగో బూర ఊదితే నక్షత్రాల్లో మూడో భాగం చీకటైంది. రాలిపోయినవి పైన మళ్ళీ ఎక్కడివి? మొదటి బూరకి పచ్చగడ్డంతా కాలిపోయిందా, తొమ్మిదో అధ్యాయంలో మిడతలకేమో గడ్డికి హాని చేయొద్దని ఆజ్ఞ. ఏ గడ్డికి? ఇన్నేళ్ళలో నా చిట్టాలో రూపాయి తేడా రాలేదు. అలాంటివాడికి ఇక నిద్రెలా పడుతుంది?

సరిగ్గా అప్పుడే మా పేటలో అంత్యదినాల సభలు పెట్టారు. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ. ఏ సంవత్సరంలో ఏ ముద్ర విప్పుతారో బాణం గుర్తులతో సహా ఉంది. ప్రసంగీకుడు సబ్బు పెట్టె ఎత్తి చూపించి బార్‌కోడ్‌లో ప్రకటనలోని మృగం సంఖ్య 666 ఉందన్నాడు. ఆ మృగం మనుషులకి వేయించే ముద్రకి ఆధార్ రిహార్సల్ అన్నాడు. ఆధార్ లేకుండా ఆ గ్రౌండుకి కరెంటు కనెక్షన్ ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. చివర్లో ప్రశ్నలుంటే చీటీ మీద రాసివ్వమన్నారు. రాసిచ్చాను. నా ఖర్మ, పేరు కూడా రాశాను.

ఆయన మైకులో చదివాడు. నవ్వాడు. "ఈ బ్రదర్ ఎవరో ఒకసారి లేవాలి." లేచాను. "ఏ బైబిలు కాలేజీ?"

"కాలేజీ కాదండి, బీకాం. యార్డులో పని."

"చూశారా, మిర్చి టిక్కీలు కాటా వేసుకునే తమ్ముడు దేవుని వాక్యాన్ని కాటా వేస్తానంటున్నాడు!"

జనం గొల్లుమన్నారు. ఆదివారం నా పక్కన కూర్చునేవాళ్ళు కూడా నవ్వారు, వాళ్ళెవరో నాకు గుర్తుంది. అంతటితో వదిలాడా? నాలో సందేహాత్మ ఉందని, అందరూ నా కోసం చేతులెత్తి ప్రార్థించాలని అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. మా ఆవిడ తల వంచుకుంది. ప్రార్థన అయింది, కానుక పట్టారు, నక్షత్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. బయట ఆ ఫ్లెక్సీ నకలు చార్టులు వందకి అమ్ముతున్నారు.

అది జరిగాక వచ్చిన ఆదివారమే రైలెక్కి విజయవాడ పటమటలో మా మావయ్య దగ్గరికి వెళ్ళాను. రిటైర్డు హిస్టరీ మాస్టారు. కాగితం చూసి, "ఏరా, దీన్ని క్యాష్‌బుక్‌లా తేదీల వరసలో ఎందుకు రాశావు? భిన్నాలు చూడు" అన్నాడు. చూశాను. ముద్రల దగ్గర భూమిలో నాలుగో భాగం మీద అధికారం. బూరల దగ్గర దాదాపు అన్నీ మూడో భాగం. పదహారో అధ్యాయం పాత్రలకొచ్చేసరికి భాగం లేదు, మొత్తం. యోహాను ఒకే విపత్తును మూడుసార్లు, ప్రతిసారీ గొంతు పెంచి చెబుతున్నాడని మావయ్య లెక్క. పండితులందరూ దీనికి ఒప్పుకోరని కూడా ఆయనే చెప్పాడు. అదీ చదువుకున్నవాడి లక్షణం. నాకు మాత్రం గడ్డి, నక్షత్రాలు రెండూ టాలీ అయ్యాయి.

ఈ పుస్తకం ఎలా చదవాలని మిమ్మల్నెవరైనా అడిగితే, పాత నిబంధన దగ్గర పెట్టుకోకుండా ఇది తెరవొద్దని చెప్పండి, ఇదొక్కటే నా సలహా. 'అని వ్రాయబడియున్నది' అంటూ యోహాను ఒక్కచోటా చెప్పడు గానీ సరుకంతా అక్కడిదే. దానియేలు ఏడో అధ్యాయంలో సింహం, ఎలుగుబంటి, చిరుతపులి విడివిడిగా వస్తాయి. ప్రకటన 13లో ఆ మూడూ ఒకే మృగంలో ఉంటాయి. పాత్రల తెగుళ్ళకి నిర్గమకాండం చూడండి. చార్టు కొనకండి.

ఇక 666. లెక్కించమని వచనమే అంటోంది కాబట్టి లెక్కించాను. హెబ్రీలో అక్షరాలే అంకెలు. రోము చక్రవర్తి నీరో కైసరు పేరు ఆ అక్షరాల్లో రాస్తే నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, మొత్తం 306. కైసరుకి ఖోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200, అంటే 360. కలపండి. పేరు చివరి నూన్ తీసేస్తే 616 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో నిజంగానే 616 ఉంది! పుస్తకం రాసింది నీరో తర్వాత డొమిషియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 95 ప్రాంతంలో అని ఎక్కువమంది అంటారు. 17వ అధ్యాయం మృగం ఏడు తలలు ఏడు కొండలని తనే విప్పి చెబుతోంది. రోముకి ఏడు కొండలు. ఆ ఏడు సంఘాల్లో ఒకటైన స్ముర్నలో వినేవాడికి సబ్బు పెట్టె అక్కర్లేదు.

ఇదంతా మా అయ్యగారికి చెబితే, సామాన్యులకి ఇంత లోతు ప్రమాదమన్నారు. మా శాఖకి ఆద్యుడైన లూథరే 1522 ముందుమాటలో ఇందులో పరిశుద్ధాత్మ తనకి కనబడలేదని రాశాడని, 1530లో మెత్తబడి కొత్త ముందుమాట రాశాడని చెప్పాను. ఆయనకి తెలియదు. చెప్పొద్దూ, ఆ రోజు అన్నం బాగా సయించింది. తేదీలు కట్టినవాళ్ళ గతీ తెలిసిందే. అమెరికాలో మిల్లర్ అనే ప్రసంగీకుడి అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు రాకడకి ఎదురుచూశారు, అక్కడి రేడియో ప్రసంగీకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. మా ఫ్లెక్సీ ఆయనా ఆ వరసే.

చివరి అధ్యాయాలు హాయిగా నడిచాయి. కొత్త యెరూషలేము పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానం, మూలంలో 12,000 స్తాదియలు. అంటే ఇంచుమించు 2,200 కిలోమీటర్ల ఎత్తు. ఇదేం కొలతరా బాబూ అనుకుని ఒకటో రాజులు ఆరో అధ్యాయం తీస్తే, సొలొమోను కట్టిన దేవాలయంలోని గర్భాలయం కూడా అలాగే ఉంది, 20 మూరల ఘనం. ఊరంతా గర్భాలయమే అయినప్పుడు అందులో దేవాలయమేదీ కనబడలేదని 21:22 అనడంలో వింతేముంది?

వెయ్యేళ్ళ పరిపాలన, అంటే 20వ అధ్యాయం, ఇంకా పెండింగ్‌లో ఉంది. క్రీస్తు ముందొస్తాడని కొందరు, తర్వాతొస్తాడని కొందరు, అసలు అది అక్షరాలా వెయ్యేళ్ళు కాదని కొందరు. మావయ్యని అడిగితే సంక్రాంతికి రమ్మన్నాడు.