ఐదెకరాల నీడ

మీ వైపు పిల్లోళ్లను ఆడించడానికి ఎక్కడికి తీసుకుపోతారని బెంగళూరులో ఉండే మా వదిన అడుగుతుంటుంది. జారుడుబల్లలు, పచ్చిక పెంచిన పార్కులు మా పల్లెల్లో లేవు. మాకు తిమ్మమ్మ మర్రిమాను ఉంది. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఎన్.పి.కుంట మండలం గూటిబైలులో. 2022లో జిల్లాలు విడిపోయాక ఇది శ్రీసత్యసాయి జిల్లా కిందికి వచ్చింది గానీ, మా నోటికి ఇంకా అనంతపురం జిల్లా అనే వస్తుంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. మార్చి వస్తే పొద్దున పది దాటాక బయట నిలబడలేం. అందుకే ఇక్కడ పిల్లల ఆటకు ముందు కావలసింది నీడ. ఊయల, బల్ల అన్నీ దాని తర్వాతే. దాదాపు ఐదెకరాల నీడ ఒకే చెట్టు కింద దొరుకుతుంటే ఇంకెక్కడికి పోతాం? బెంగళూరు జర్నలిస్టు రిగ్రెట్ అయ్యర్ పట్టుబట్టి ప్రపంచానికి చెప్పడంతో 1989లో దీనికి గిన్నిస్ పుస్తకంలో చోటు దక్కింది.

మేం ఆదివారాలు చిత్రాన్నం, బొరుగులు, ఒక క్యాను నీళ్లు తీసుకుని పోతాం. ముందు తిమ్మమ్మ గుడిలో దండం పెట్టుకోవాలి. భర్త చితిలో సహగమనం చేసిందనీ, ఆ చితికి పాతిన గుంజే చిగిర్చి ఈ మాను అయిందనీ మా జేజి చెప్పేది. పిల్లలు లేనివాళ్లు ఇక్కడ మొక్కుకుంటారు. శివరాత్రి జాతరకు ఇసకేస్తే రాలనంత జనం. నాకైతే జాతర లేని రోజులే ఇష్టం. పిల్లోళ్లు ఊడల మధ్య దాగుడుమూతలాడితే దొరకరు. ఏది కొమ్మో, ఏది ఊడో, ఏది మొదలో పెద్దవాళ్లకే తెలియదు.

నేను పిల్లలకు తప్పకుండా చూపించేది వెదురు గొట్టాలు. పైనుంచి వేలాడే లేత ఊడ నేలను తాకి వేరు పట్టేదాకా బతకడం కష్టం. ఎండకు కొన ఎండిపోతుంది, లేదంటే ఎవరో లాగేస్తారు. అందుకని అటవీశాఖ వాళ్లు లేత ఊడలను వెదురులోకి దించి, మట్టీ ఎరువూ అందేలా చేసి కిందికి నడిపిస్తారు. ఊడ నేలలో పాతుకుందంటే కొన్నేళ్లకు స్తంభమై పై కొమ్మ బరువు మోస్తుంది, కొమ్మ ఇంకాస్త ముందుకు సాగుతుంది. ఈ చెట్టు ఇలాగే పెరిగింది, ఇకముందు పెరగాలన్నా ఇదే దారి.

మర్రిపండ్ల కాలంలో పోతే ఇంకో పాఠం కూడా దొరుకుతుంది. కింద రాలిన ఎర్రటి పండును చీల్చి చూపిస్తాను. పూలన్నీ ఆ పండు లోపలే ఉంటాయి. వాటి పుప్పొడిని మోసేది సూదిమొన అంత చిన్న కందిరీగ జాతి పురుగు. మర్రికి మర్రి పురుగే కావాలి, ఆ పురుగు గుడ్లు పెట్టడానికి మర్రికాయే కావాలి. తలపైన గోరింకల గోల, కింద పిల్లోళ్ల ప్రశ్నలు.

బాధ కలిగేది ఒక్కదానికే. లేత ఊడలను పట్టుకుని ఊగేవాళ్లు, చాకుతో పేర్లు చెక్కేవాళ్లు, చిప్స్ కవర్లు పారేసి పోయేవాళ్లు. ఈ మాను ఆకు తెంపితే కీడని మా పెద్దోళ్లు భయపెట్టేవాళ్లు. ఆ భయం ఎన్ని కొమ్మల్ని కాపాడిందో అనిపిస్తుంది నాకు. మొన్న ఒక కుర్రాడు ఊడకు వేలాడుతుంటే మా చిన్నది పోయి, "అన్నా, అది ఇంకా నేలకు అందలేదు, విడువు" అంది. వెంటనే వదిలేశాడు. వచ్చినవాళ్లకు ఆ ఒక్క ముక్క నిదానంగా చెప్పే మనుషులు రోజూ అక్కడ ఉండాలి. ఊగాలన్న ఆశ పిల్లలకు సహజం కాబట్టి, మానుకు దూరంగా నాలుగు తాళ్ల ఊయలలు కట్టినా మేలే.

నీడ కోసం ప్రతిసారీ అంతదూరం పోలేం కదా. అందుకే తొలకరికి మా కుంట కట్ట మీద మర్రి కొమ్మలు నాటాం. మోచేతి లావు కొమ్మ కొట్టుకొచ్చి, పైన కోసిన చోట ఎండకుండా పేడ మెత్తి, లోతుగా పాతాలి. అవి తిమ్మమ్మ మర్రిమాను కొమ్మలు కావు, పక్క ఊరి రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేసిన ఇంకో మర్రిచెట్టువి. రెండు చిగిర్చాయి. మేకలు రాకుండా చుట్టూ కంప వేశాం. ఎండాకాలం నీళ్లు పోసే వంతు బడి పిల్లలు పంచుకున్నారు. కంప పాడైతే మళ్లీ వేసే పని మాత్రం పెద్దవాళ్లం చూసుకోవాలి.