ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కించడం తేలికే, సరైన బోల్టులు దొరకడమే కష్టం

క్రాస్ జాయింట్లు (షాఫ్ట్ వంగుతూ తిరగడానికి చివర్లలో ఉండే కీళ్లు) మార్చాలని పికప్ కింద ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే పొడవాటి గొట్టం, దింపాను, దింపడం పెద్ద పనేం కాదు, గోలంతా తిరిగి ఎక్కించేటప్పుడే. డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్య ఉండే గేర్ల పెట్టె) దగ్గర యోక్‌లో, అంటే చెవులున్న పట్టులో, దాన్ని పట్టుకుని ఉండేది రెండు స్ట్రాప్‌లు, నాలుగు చిన్న బోల్టులు, అంతే. వాటిని గుడ్డతో తుడిచి చూస్తే నాలుగూ ఒక జాతివి కావు. బోల్టు బలం, అంటే గ్రేడ్, చెప్పే అంకె రెండింటి తల మీద 10.9 అని ఉంది, ఒకదాని మీద 8.8, నాలుగోదాని మీద అంకే లేదు, మూడు గీతలున్నాయి, అంటే అంగుళాల కొలతలో వచ్చే గ్రేడ్ 5 బోల్టు. నాకన్నా ముందు బండి ఎవరి చేతిలో ఉందో గానీ డబ్బాలో ఏది దొరికితే అది పెట్టేశారు.

ఆ నాలుగోది 5/16 అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు, 8 ఎంఎం రంధ్రంలోకి మొదటి ఒకటి రెండు చుట్లు చక్కగానే వెళ్తుంది, తర్వాత మర కలవక బిగుసుకుంటుంది, అప్పుడు స్పానర్‌తో బలవంతం చేస్తే యోక్‌లో మరలు పోతాయి. నా అదృష్టం, పూర్తిగా పోలేదు, మరలు కోసే ట్యాప్‌కి నూనె రాసి మెల్లగా తిప్పితే శుభ్రపడ్డాయి.

గ్రేడ్ ఒక్కటే సరిపోతే చాలదు, పొడవు కూడా చూడాలి, ఇది చాలామంది పట్టించుకోరు. బోల్టు రెండు మిల్లీమీటర్లు ఎక్కువున్నా రంధ్రం అడుగున తగిలి ఆగిపోతుంది, టార్క్ రెంచ్ (పెట్టినంత బిగువు రాగానే చప్పుడు చేసే స్పానర్) టక్కుమంటుంది, మనం బిగిసిందనుకుంటాం, కింద స్ట్రాప్ మాత్రం వదులుగానే ఉంటుంది. పోనీ అని స్ప్రింగ్ వాషర్ వేసి సర్దడం ఇంకో తద్దినం, కంపెనీ డిజైన్‌లో లేని వాషర్ అక్కడ వద్దు. మొదటి గేర్‌లో ఇంజన్ టార్క్ ఎన్నో రెట్లు పెరిగి వచ్చేది ఈ షాఫ్ట్ మీదకే కదా, నడుస్తున్న బండిలో అది ఊడి రోడ్డుకి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే సైజు కొలిచి వెతకడం మానేసి ఛాసిస్ నంబర్ చెప్పి స్ట్రాప్‌లతో సహా కిట్ తెప్పించాను. ఆ బోల్టుల మర మీద లాకింగ్ జిగురు ముందే ఆరబెట్టి ఉంటుంది, అవి ఒక్కసారి వాడటానికే.

ఇక ఎక్కించడం సాఫీగా అయిపోయింది. దింపేముందు షాఫ్ట్ మీదా యోక్ మీదా పెయింట్ గీత పెట్టుకున్నా కాబట్టి బ్యాలెన్స్ మారకుండా పాత స్థానంలోనే కూర్చోబెట్టా. క్రాస్ చివర్లలో ఉండే బేరింగ్ కప్పులు జారకుండా చుట్టూ టేప్ వేసి, యోక్‌లో పెట్టేముందు తీసేశా, లోపల ఒక్క సూది బేరింగ్ అడ్డం పడినా కప్పు పూర్తిగా లోపలికి దిగదు. కప్పు యోక్ చెవుల మధ్య సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకుని, బోల్టులు చేత్తో చివరిదాకా తిప్పి, తర్వాత ఒకటి ఇటు ఒకటి అటు కొంచెం కొంచెంగా మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించా.

ప్రతి బోల్టు తల నుంచి స్ట్రాప్ మీదకి తెల్ల పెయింట్‌తో సన్నగా గీత కూడా గీశా. బండి కొన్నాళ్లు తిరిగాక టార్చ్ వేసి చూస్తే సరిపోతుంది, గీత విరిగి కనిపిస్తే బోల్టు కదిలినట్టే.